చక్కెర కరిగింది, ఐసూ కరిగింది

ఆదోని దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. డిగ్రీ దాకా నాది తెలుగు మీడియమే. 2020 తర్వాత మా బడిలో తరగతులు వరసగా ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, దానికి ఎదురు పేజీలో తెలుగు ఉన్న లావుపాటి పుస్తకాలు వచ్చాయి. చెప్పేది మాత్రం ఇంగ్లీషులోనే చెప్పాలన్నారు. సరే అని రాత్రిళ్ళు కూర్చుని వాక్యాలు తయారు చేసుకుని, పొద్దున వెళ్ళి అప్పజెప్పేదాన్ని. అది పాఠం చెప్పడం కాదు, అప్పజెప్పడమే.

ఏడో తరగతిలో నలభై రెండు మంది పిల్లలు. సగం మందికి పైగా ఇంట్లో తెలుగు మాట్లాడతారు. పది పన్నెండు మంది ఇళ్ళలో ఉర్దూ. మాకు కర్ణాటక సరిహద్దు దగ్గరే కాబట్టి ఆరేడుగురివి కన్నడ ఇళ్ళు. వీళ్ళందరి ముందు నిలబడి 'అండర్‌స్టాండ్?' అంటే 'యెస్ మేడమ్' అని ఒకే గొంతుతో వచ్చేది. ఆ యెస్ మేడమ్‌ను రెండేళ్ళు నమ్మాను.

ఒకరోజు ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి టేబుల్ మీద పెట్టి పాఠం చెప్పాను. ఇంటికొచ్చి, వంట చేసుకుంటూ విన్నాను. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో, యెస్ మేడమ్‌లు తీసేస్తే పిల్లల మాట రెండు నిమిషాలు కూడా లేదు. ఇంకో సంగతి కూడా బయటపడింది. ప్రశ్న అడిగి, పిల్లలు నోరు తెరిచేలోపే జవాబు నేనే చెప్పేస్తున్నాను. మేరీ బడ్ రోవ్ అనే అమెరికా పరిశోధకురాలు 1970లలోనే సైన్స్ క్లాసుల టేపులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకనే ఆగుతున్నారనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయనీ చెప్పింది. బీఈడీలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్న విషయమే ఇది. ఇంగ్లీషు ప్రశ్నను ఇంటి భాషలోకి తెచ్చుకుని, మళ్ళీ ఇంగ్లీషులో జవాబు కూర్చుకోవాల్సిన పిల్లవాడికి మూడు సెకన్లు కూడా ఏ మూలకు?

అసలు కథ చక్కెరతో మొదలైంది. గ్లాసులో నీళ్ళు పోసి, చెంచాడు చక్కెర వేసి తిప్పి 'వాట్ హ్యాపెండ్?' అని అడిగాను. ముందు బెంచీ నుంచి 'మెల్ట్ మేడమ్' అన్నారు. కాదు, డిజాల్వ్ అని బోర్డు మీద రాశాను. తర్వాత ఐసు ముక్క ప్లేట్లో పెట్టి కాసేపాగి అడిగితే, ఈసారి 'డిజాల్వ్ మేడమ్' అన్నారు. నాకు విసుగొచ్చింది. 'ఇంగ్లీషు వదిలేయండి, తెలుగులో చెప్పండి. ఐసు ఏమయింది?' అన్నాను.

'కరిగింది మేడమ్.'

'చక్కెర?'

'అదీ కరిగింది.'

అక్కడ ఆగిపోయాను. వాళ్ళు చెప్పింది తప్పేం కాదు కదా. మన తెలుగులో రెంటికీ ఒకటే మాట. నేనూ ఇంట్లో అలాగే అంటాను. ఇన్నేళ్ళుగా మెల్ట్, డిజాల్వ్ అని పక్కపక్కన రాసి బట్టీ పట్టిస్తున్నానే తప్ప, పిల్లల తలలో ఆ రెండూ వెళ్ళి ఒకే గూట్లో కూర్చుంటున్నాయని నాకు తట్టలేదు. వెనక బెంచీలో కన్నడ ఇంటి పిల్లవాడు 'మాకూ కరగోదే మేడమ్' అన్నాడు. తెలుగు పేజీ తిప్పి చూద్దామంటే ఒకటి ద్రవీభవనం, ఇంకొకటి ద్రావణం. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఇక ఆ పిల్లలకు తేడా ఎక్కడ కనబడుతుంది?

అప్పుడు కిటికీ పక్కనుండే అమ్మాయి, అప్పటిదాకా హాజరు పలకడం తప్ప నోరు విప్పనిది, పక్క పిల్లతో ఏదో గొణిగింది. గట్టిగా చెప్పమన్నాను. సిగ్గుపడి, పక్క పిల్ల మోచేత్తో పొడిస్తే అంది: 'బర్ఫ్ పిఘల్‌తా. షక్కర్ పిఘల్‌తీ నై మేడమ్, ఘుల్‌తీ.'

క్లాసంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తేడా ఏంటో తెలుగులో చెప్పమన్నాను. కొంచెం ఆలోచించి, 'బర్ఫ్‌కి నీళ్ళు అక్కర్లేదు మేడమ్, ఎండ సాలు. షక్కరకి నీళ్ళుండాల' అంది.

పుస్తకంలో నిర్వచనం ఇంతకంటే బాగా లేదు. ఒకటి వేడికి రూపం మార్చుకుంటుంది, ఇంకొకటి కలిసిపోవడానికి వేరే ద్రవం కావాలి. నేను మూడు పీరియడ్లలో చెప్పలేనిది, రెండు భాషలు కలిపి రెండు ముక్కల్లో చెప్పేసింది.

ఆ రోజు సిలబస్ ముందుకు కదల్లేదు. బోర్డు మధ్యలో గీత గీసి, ఒకవైపు పిఘల్‌నా, మెల్ట్ అనీ, రెండో వైపు ఘుల్‌నా, డిజాల్వ్ అనీ రాశాను, అన్నీ తెలుగు అక్షరాల్లోనే. 'కరిగింది అని మీ ఇంట్లో దేనిదేనికి అంటారు?' అని అడిగితే పిల్లలు తెగబడ్డారు. కొవ్వొత్తి, పేరిన నెయ్యి, ఆచారి దగ్గర బంగారం మెల్ట్ వైపు వెళ్ళాయి. ఉప్పు, సబ్బు, ఓఆర్ఎస్ పొడి రెండో వైపు. హారతి కర్పూరం అన్నారు. అంటించకుండా గూట్లో వదిలేసినా నాలుగు రోజులకు మాయమవుతుంది, అదీ కరిగిపోయిందనే అంటాం. అది ఏ వైపూ కాదు, నీరు కాకుండానే గాలిలోకి పోతుంది, దాని పేరు ఉత్పతనం అని మూలన రాసిపెట్టాను.

'బెల్లం పాకం పడితే మేడమ్?' అని ఒకడు అడిగాడు. మెల్టా, డిజాల్వా?

నాకు వెంటనే తెలియలేదు, రేపు చెబుతానన్నాను. టీచరు అలా అంటే పిల్లలకు భలే సంతోషం. రాత్రి పొయ్యి ముందు నిలబడి చూశాను. బెల్లంలో నీళ్ళు పోసి పెడితే ముందు నీళ్ళలో కలిసిపోయింది. అది ఘుల్‌నా. తర్వాత ఆ నీళ్ళు ఇగురుతూ పోతే పాకం చిక్కబడుతుంది. నీళ్ళు లేకుండా వట్టి మూకుట్లో చక్కెర వేస్తేనే అది పిఘల్‌నా, క్షణాల్లో గోధుమరంగు తిరిగి చేదు వాసన. మర్నాడు రెండూ ల్యాబ్ స్టౌ మీద చేసి చూపించాను. చక్కెర మాడి మూకుడు పాడయింది, అది వేరే సంగతి.

అప్పట్నుంచి క్లాసు పద్ధతి మార్చాను. ప్రయోగం చూశాక ఎనిమిది నిమిషాలు నలుగురు నలుగురుగా ఏ భాషలోనైనా మాట్లాడుకోవచ్చు. తర్వాత గుంపుకొక్క వాక్యం ఇంగ్లీషులో చెప్పాలి, తప్పులున్నా సరే. ఉర్దూ గుంపు ఏం మాట్లాడుకుంటోందో నాకు సగం అర్థం కాదు. మొదట్లో అదే టెన్షన్, సినిమా కబుర్లు చెప్పుకుంటున్నారేమోనని. కొన్నిసార్లు అవే చెప్పుకున్నారు కూడా.

తెలుగు మేలు చేసిన సందర్భాలూ ఉన్నాయి. వాన వెలిశాక గ్రౌండులో నీళ్ళు ఏమయ్యాయంటే ఇంకిపోయాయన్నారు. ఉతికిన గుడ్డలో నీళ్ళు? ఆరిపోయాయి. పులుసులో నీళ్ళు? ఇగిరిపోయాయి. ఇంకడం భూమిలోకి, ఆరడం ఎండకూ గాలికీ, ఇగరడం పొయ్యి మీద. ఇన్ని మాటలున్న పిల్లలకు ఎవాపరేషన్ అనే మాట ఒక్కటే ఇచ్చి బట్టీ పట్టమనేదాన్ని. ఇప్పుడు ముందు ఈ మూడింటినీ విడదీసి, వాటిలో ఏవి ఎవాపరేషన్ కింద కలుస్తాయో వాళ్ళనే తేల్చమన్నాను.

నవంబరులో ఒక అధికారి తనిఖీకి వచ్చారు. బోర్డు మీద ఘుల్‌నా చూసి, 'ఇంగ్లీషు మీడియం కదమ్మా, ఈ ఉర్దూ ఏంటి?' అన్నారు. చెప్పబోయాను, వినే తీరిక ఆయనకు లేదు. ఇంగ్లీషు వాడకం మెరుగుపరచుకోవాలని రిజిస్టరులో రాసి వెళ్ళిపోయారు. రెండు రోజులు బాధపడ్డాను. అయితే ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదని యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతుంటే తెలిసింది. ఒక అబ్బాయి 'షుగర్ ఈజ్ ఘుల్ ఇన్ వాటర్' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. విషయం నూటికి నూరు పాళ్ళు కరెక్టు. దిద్దేది నేను కాబట్టి రెండుకు రెండు వేశాను. పదో తరగతిలో వాడి పేపరు దిద్దేది నేను కాదు. అందుకే చివరి పది నిమిషాలు రాయడానికే పెట్టాను. మాట్లాడుకున్నదాన్నే రెండు ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టాలి. ఇది ఇప్పటికీ నత్తనడకే.

కరగోదే అన్న పిల్లవాడు డిసెంబరులో కనబడలేదు. మా వైపు ఏటా ఉండేదే, ఇంటిల్లిపాదీ సుగ్గికి, అంటే కోతల పనులకు వలస పోతారు. వాళ్ళు గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి వెళ్ళారు. మార్చిలో తిరిగొచ్చాడు, ఇంకా నల్లబడి. అన్ని పాఠాలూ పోయాయి. కిటికీ దగ్గరి అమ్మాయికి అప్పజెప్పాను. నేను రిజిస్టరు రాసుకుంటుంటే వినబడుతోంది, తెలుగులో మొదలుపెట్టి, 'ఘుల్‌తీ అంటే నీళ్ళుండాల, అదే డిజాల్వ్' అని గదమాయిస్తోంది.

వాడు అంతా విని, 'అట్లయితే కారంపొడి నీళ్ళలో ఏస్తే?' అన్నాడు.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను తలెత్తలేదు. ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఏడో ఎనిమిదో లెక్కపెట్టాక వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు: 'నీళ్ళలో ఊరికే తేల్తాది. నూనెలో ఏస్తే మాత్రం నూనంతా ఎర్రగయితాది కదప్పా, యాల?'

రెండు గ్లాసులు, కొంచెం నూనె, కారంపొడి తెమ్మని ఒకణ్ణి మధ్యాహ్న భోజనం వండే అక్క దగ్గరికి పంపాను.