చాటింపు విన్నవాళ్ళు

మా అమ్మాయి అమెరికా వెళ్ళి 14 ఏళ్ళు నిండాయి. అల్లుడు, మనవడు, సొంత ఇల్లు, కిటికీ పక్కన ఎండ తగిలేచోట కరివేపాకు కుండీ, అన్నీ అమరాయి. అయినా కిందటి ఏడాది నవంబరులో నేను పిట్స్‌బర్గ్‌లో వాళ్ళింట్లో దిగిన మూడో రోజున, పప్పుకు తిరగమోత వేస్తూ అది అన్న మాట అక్కడ ఉన్నన్నాళ్ళూ నా మనసులోంచి పోలేదు. "అమ్మా, ఈ ఊళ్ళో మేము చుట్టాలమా, ఇంటివాళ్ళమా అన్నది నాకింకా తేలలేదు" అంది. నేను 31 ఏళ్ళు ప్రభుత్వ పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని. దేశాలు, సరిహద్దులు, పౌరసత్వాల గురించి నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. ఆ ప్రశ్నకు మాత్రం జవాబు తోచలేదు. తిరుపతికి తిరిగి వచ్చాక, మే నెలలో, మా ఇంటి గడపలోనే కొంత అర్థమైంది.

డిసెంబరులో ఒక తెల్లవారుజామున మోకాలి లోతు మంచు పడింది. ఇంటి ముందు కాలిబాట మీద పడిన మంచును ఆ ఇంటివాళ్ళే ఎత్తిపోయాలన్నది అక్కడి నియమం. అల్లుడు ఇంకా పార చేతికి తీసుకోకముందే పక్కింటి పెద్దావిడ తన వాకిలి తీసేసి, మా వాకిలి కూడా సగం దాకా తీసి, మెట్ల మీద ఉప్పు చల్లుతూ కనబడింది. డెబ్బై దాటిన నల్లజాతి స్త్రీ. దక్షిణాది రాష్ట్రాల్లో బతకలేక ఉక్కు కర్మాగారాల్లో పని కోసం ఆమె తండ్రి అలబామా నుంచి ఇక్కడికి వచ్చాడట. అల్లుడు సిగ్గుపడి పరుగున వెళ్ళి, "ఎందుకండీ మీకు శ్రమ, నేను తీసేవాణ్ణి కదా" అన్నాడు. ఆవిడ నవ్వి, వీధి మలుపులో ఉన్న ఇంటి వైపు చేయి చూపించింది. అక్కడ భార్య పోయిన ముసలాయన ఒక్కడే ఉంటాడు. ఇన్నాళ్ళూ ఆయన వాకిలి కూడా ఈవిడే తీసేది. ఇక నడుము సహకరించడం లేదు కనుక, ఈ ఏడాది నుంచి ఆయన వాకిలి మీ వంతు అంది. అడగలేదు, బతిమాలలేదు, చెప్పింది. అంతే.

ఆ రోజు అల్లుడు రెండు గంటలు మంచు ఎత్తిపోసి, చెవులు ఎర్రబడి ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ ఎంత సంతోషంగా ఉన్నాడో నేను కళ్ళారా చూశాను. ఉద్యోగంలో పై మెట్టు ఎక్కినప్పుడు కూడా అతని ముఖంలో ఆ వెలుగు లేదని మా అమ్మాయి అంది. ఆ తర్వాత మంచు పడినప్పుడల్లా అతను ముందు ఆ ముసలాయన వాకిలికే వెళ్ళేవాడు. మన పల్లెల్లో చెరువు నీటికి వంతు ఉంటుంది, జాతరలో కుంభం పోసేందుకు వంతు ఉంటుంది. వంతు ఉన్నవాడు ఆ ఊరివాడు. అతిథికి విస్తరి వేస్తారు, వంతు మాత్రం ఇవ్వరు.

జనవరిలో మా అమ్మాయి నన్ను పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి తీసుకుపోయింది. అక్కడ 42 అంతస్తుల భవనం ఒకటి ఉంది, దాన్ని కేథడ్రల్ ఆఫ్ లెర్నింగ్ అంటారు. అది కడుతున్న రోజుల్లో ఆ నగరంలోని బడిపిల్లలు ఒక్కొక్కరు పది సెంట్ల నాణెం చొప్పున చందా ఇచ్చారట. ఉక్కు పరిశ్రమ కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడిన జాతులవారికి విశ్వవిద్యాలయం ఒక్కొక్క తరగతి గది అప్పగించి, మీ దేశపు పద్ధతిలో మీరే తీర్చిదిద్దుకోండి, ఖర్చు మీరే కూడబెట్టుకోండి అంది. 1926లో తలపెట్టిన ఈ పనిలో మొదటి గదులు 1938లో తెరిచారు. ఇప్పటికి 31 గదులయ్యాయి. సిరియా, లెబనాన్ వారి గదికి డమాస్కస్ నుంచి తెచ్చిన ఇంటి గోడలు అమర్చారు. ఆఫ్రికా గది ఘానా దేశపు అసాంటే ప్రజల గుడి ముంగిలిలా ఉంటుంది. మన భారతదేశం గది 2000లో తెరిచారు, నలందా విహారాన్ని తలపించే ఎర్ర ఇటుకల గది. ఆ గదుల్లో రాజకీయ చిహ్నాలు ఉండరాదు, బతికి ఉన్న మనిషి బొమ్మ ఉండరాదు అన్నవి ముందే పెట్టుకున్న నియమాలు.

నాకు నచ్చింది అలంకారం కాదు. అవి ప్రదర్శనశాలలు కావు, దాదాపు అన్నీ ఇవాళ్టికీ పాఠాలు జరిగే గదులు. నేను వెళ్ళిన రోజున ఒక గది తలుపు మూసి ఉంది, లోపల ఎవరో లెక్కలు చెబుతున్నారు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూస్తే, ఏ దేశంవాడో తెలియని ఒక కుర్రవాడు మరో దేశంవాళ్ళు చెక్కించిన బల్ల మీద మోచెయ్యి ఆనించి ఆవలిస్తున్నాడు. బడిలో అంతకాలం గడిపిన నాకు ఆ ఆవలింత ఎంతో హాయిగా అనిపించింది. తమ సంస్కృతిని గాజుపెట్టెలో పెట్టి చూపించుకోవడం వేరు, ఇతరుల పిల్లలు రోజూ కూర్చుని అరగదీసేందుకు ఇవ్వడం వేరు.

పౌరసత్వపు కాగితాల సంగతి మాత్రం ఇంత హాయిగా లేదు. 1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి తగరు అని తీర్పు చెప్పింది. ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అదే ఏడాది అక్టోబరులో మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్‌లో దిగారు. బోదకాలుకు మందు, ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సర్ చికిత్సకు తోవ చూపిన మందులు, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఇన్నింటి వెనక ఆయన చేయి ఉంది. ఆ దేశపు పౌరుడు కాకుండానే 1948లో అక్కడే కన్నుమూశారు. భారతీయులకు పౌరసత్వం తీసుకునే వీలు 1946లో వచ్చింది, అప్పుడు కూడా ఏడాదికి వందమందిని మాత్రమే రానిచ్చారు. జాతుల లెక్కన వాటాలు వేసే పద్ధతి 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో పోయింది. ఇవాళ అక్కడున్న మన తెలుగువాళ్ళలో అత్యధికులకు ద్వారం తెరిచింది ఆ సంతకమే.

అయినా ఒక్కో దేశంలో పుట్టినవారికి ఏడాదిలో ఇచ్చే గ్రీన్‌కార్డులు మొత్తంలో 7 శాతానికి మించరాదన్న నిబంధన ఉండడంతో, మా అమ్మాయి ఇంకా వరసలోనే ఉంది. మనవడు అక్కడే పుట్టాడు కనుక పుట్టుకతోనే పౌరుడు. ఒకే కంచంలో తినే ముగ్గురిలో ఒకడు ఇంటివాడు, ఇద్దరు చుట్టాలు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఓలేతలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను, నా దేశం విడిచిపో అని అరుస్తూ ఒకడు కాల్చి చంపినప్పుడు, ఆయన భార్యకు భర్తతోపాటు ఆ దేశంలో ఉండే హక్కు కూడా పోయింది. ఆ హక్కు భర్త ఉద్యోగపు వీసాకు ముడిపడి ఉండడమే కారణం. అదే రాత్రి ముక్కూమొహం తెలియని ఇయాన్ గ్రిల్లట్ అనే యువకుడు హంతకుణ్ణి ఆపబోయి తానూ తూటా దెబ్బ తిన్నాడు. ఇల్లు కొనుక్కోమని హ్యూస్టన్‌లోని మనవాళ్ళు అతనికి లక్ష డాలర్లు ఇచ్చారు. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్‌లోనే యూదుల ప్రార్థనామందిరంలో 11 మందిని కాల్చి చంపినప్పుడు, బాధిత కుటుంబాల కోసం ఆ ఊరి ముస్లింలు చందాలు పోగుచేశారు. ఆ సాయంత్రం కూడలిలో చేరిన జనంలో మా అమ్మాయి కూడా కొవ్వొత్తి పట్టుకుని నిలబడిందట. "ఆ ఒక్క రోజూ నువ్వెవరు, ఏ దేశం అని నన్నెవరూ అడగలేదమ్మా" అంది.

పెన్‌హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళినప్పుడు కళ్ళు చెమర్చాయి. తిరుమల నమూనాలో కట్టిన ఆ గుడికి 1977లో కుంభాభిషేకం జరిగింది. మంచు కప్పిన గుట్ట మీద తెల్లని గోపురం, లోపల గోవిందనామాలు, కింద భోజనశాలలో పులిహోర వాసన. ఏడుకొండల కింద పుట్టి పెరిగిన నాకు అంతకన్న ఏం కావాలి? కాని అక్కడ కూర్చున్న గంటసేపట్లో నా చెవిన పడిన మాటల్లో సగం, ఎవరిది ఏ ఊరు, ఏ కులం, ఏ సంఘంలో సభ్యులు అన్న ఆరాలే. నన్ను కూడా ఒకావిడ ఇంటిపేరు అడిగి, చెప్పాక మాటలు తగ్గించింది. మనల్ని కలుపుకోలేదని ఎదుటివాళ్ళను తప్పుపట్టే మనం, సముద్రాలు దాటి ఈ గోడను కూడా మోసుకుపోయాం. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం, అమెరికాలో మొదటిసారిగా, కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేయవలసి వచ్చిందంటే ఆ అవసరం కల్పించింది మనమే. దీన్ని మనల్ని అవమానించడానికి చేసిన చట్టంగా అనుకునేవారితో నేను ఏకీభవించలేను.

మార్చిలో కాస్త ఎండ కాసినప్పుడు పక్కింటి పెద్దావిడతో అరుగు మీద కూర్చునేదాన్ని. అమ్మాయి మధ్యలో ఉండి మా మాటలు అటూ ఇటూ చేరవేసేది. మీ ఊరు ఎలాంటిది అని ఆవిడ ఒకసారి అడిగింది. మా స్వామిని మేల్కొలిపే సుప్రభాతం స్థానంలో ధనుర్మాసమంతా తమిళ తిరుప్పావై పాడతారని, గరుడసేవకు మాల శ్రీవిల్లిపుత్తూరు నుంచి, గొడుగులు చెన్నై నుంచి వస్తాయని, 1843 నుంచి 1933 దాకా కొండ మీది పెత్తనమంతా ఉత్తరాది నుంచి వచ్చిన హాథీరాంజీ మఠం మహంతులదేనని చెప్పాను. గంగ జాతర గురించి కూడా చెప్పాను. తాతయ్యగుంట గంగమ్మ స్వామికి చెల్లెలని, కొండ మీది నుంచి ఆమెకు సారె వస్తుందని, మొదటి రోజు రాత్రి డప్పుతో చాటింపు వేస్తారని, ఆ చాటింపు చెవిన పడినవాళ్ళు జాతర ముగిసేదాకా ఊరి పొలిమేర దాటరాదని మా పెద్దలు చెబుతారని వివరించాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "అయితే ఎక్కడ పుట్టారన్నది కాదన్నమాట, చాటింపు విన్నారా లేదా అన్నదే లెక్కా?" అని అడిగింది. నేను అలా ఎప్పుడూ ఆలోచించలేదు. అవునని చెప్పాను, కాని చెబుతున్నప్పుడే గుండెలో ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్లయింది.

ఆ ముల్లుకు కారణం మా అపార్టుమెంటులోనే ఉంది. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చిన దంపతులు నాలుగేళ్ళుగా కింద వాచ్‌మన్ గదిలో ఉంటున్నారు. అతను బస్టాండు దగ్గర హోటల్లో వంటపని, ఆమె మా అంతస్తులన్నీ ఊడ్చి తుడుస్తుంది. నాలుగేళ్ళలో పండగకు పాత చీరలు ఇచ్చాను, మిగిలిన కూరలు ఇచ్చాను, ఆమె బిడ్డకు జ్వరం వస్తే డబ్బులు ఇచ్చాను. ఒక్కసారి కూడా ఆమెకు వంతు ఇవ్వలేదు.

మే నెలలో జాతర వచ్చింది. ప్రతి ఏడాదీ మా అపార్టుమెంటు ఆడవాళ్ళం కలిసి రాగి అంబలి కాచి అమ్మవారికి పెట్టి వీధిలో పోస్తాం. ఈసారి నేను ఆమెను పిలిచి, అంబలి కాచే పని నీది అన్నాను. ఒకరిద్దరు నా వంక చూశారు, ఒకావిడ తన చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను ఏమీ అనలేదు, పొయ్యి దగ్గర నుంచి కదలనూ లేదు. ఆమె ముందు భయపడింది, తర్వాత కొంగు బిగించి, గంజాంలో మేము ఇలా ఉండ కట్టకుండా కలుపుతాం అంటూ పిండిని చన్నీళ్ళలో కలిపి, మసిలే ఎసట్లో సన్నటి ధారగా పోస్తూ కర్ర గరిటెతో తిప్పింది. నేను ఉప్పు చూశాను, ఉల్లిపాయలు తరిగాను, మజ్జిగ చిలికాను. వీధి మలుపులో నిలబడి ఆమే గ్లాసుల్లో పోసింది. బైరాగి వేషం కట్టిన పిల్లలు రెండేసిసార్లు వచ్చి తాగారు.

మర్నాడు పొద్దున మెట్లు తుడుస్తూ ఆమె మా గుమ్మం దగ్గర ఆగింది. "టీచరమ్మా, మా ఆయన్ని హోటలోళ్ళు చెన్నైకి పంపిస్తామంటున్నారు. రేపే పోవాలంట" అంది. వెళ్ళమను, నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి కదా అన్నాను.

"ఎట్లా పోతాడమ్మా? మేమూ చాటింపు విన్నాము కదా. జాతర అయ్యేదాకా పోవద్దని చెప్పినాను" అని, తడిగుడ్డ పిండుకుని పై మెట్టుకు వెళ్ళింది.