మా ఇద్దరిదీ ఒకే పేరు

2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ల వశమైన తరువాత విమానాల్లో బయటపడినవారు అమెరికా సైనిక స్థావరాల్లో వారాలు, నెలలు గడిపి, ఆ చలికాలంలో ఒక్కొక్క కుటుంబంగా నగరాలకు చేరసాగారు. డాలస్‌లో వారికి ఇళ్లు చూపుతున్న ఒక సంస్థకు ఉర్దూ తెలిసినవారు కావాలని విని, హైదరాబాదులో పెరిగినందుకు అబ్బిన కొద్దిపాటి ఉర్దూను నమ్ముకొని నా పేరు ఇచ్చాను. ఆఫ్ఘన్ల భాషలు దరీ, పష్తో. అయితే నాకు అప్పగించిన ఆరుగురి కుటుంబంలో ఇంటాయన బాల్యం పెషావర్‌లో శరణార్థిగా గడిచింది కనుక మాకు మాట కలిసింది.

మొదటి పని డాలస్‌లోని వికరీ మెడో అనే పేటలో వారి అపార్ట్‌మెంటును సర్దడం. మంచాలు, దుప్పట్లు మొదలుకొని చెత్తబుట్ట దాకా ఏమేమి ఉండాలో జాబితా ఉంటుంది. దిగిన పూటకు వారికి అలవాటైన భోజనం సిద్ధంగా ఉంచాలన్నదీ నిబంధనే. హలాల్ కోడితో పులావు, నాన్‌లు తెచ్చిపెట్టి, లోటేమీ లేదనుకున్నాను. ఇంటావిడ మాత్రం వంటగది అరలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసి, భర్తతో మెల్లగా ఏదో చెప్పింది. టీ ఆకు లేదట, నీళ్లు కాచే కెటిల్ లేదట. ఇంటికి వచ్చిన నాకు చాయ్ అయినా ఇవ్వకుండా పంపవలసి వస్తోందన్నది ఆమె బాధ. గుమ్మంలోకి వచ్చిన మనిషిని మంచినీళ్లయినా ఇవ్వకుండా పంపడం ఎంత నామోషీయో తెలిసి కూడా ఈ సంగతి తట్టనందుకు నన్ను నేనే తిట్టుకుంటూ దుకాణానికి పరుగెత్తాను.

తరువాతి రోజులన్నీ కాగితాలవే. దరఖాస్తు అన్న మాట నా నోట వినగానే దరీలోనూ అదే మాట అని ఆయన నవ్వాడు. జవాబు, కిరాయి కూడా అంతే. చట్టరీత్యా వీరిని శరణార్థులని కూడా అనలేం, రెండేళ్ల పెరోల్ మీద, అంటే తాత్కాలికంగా ఉండనిచ్చే అనుమతి మీద వచ్చినవారు. సంస్థ సాయం 90 రోజులతో ముగిసేది. ఆ లోపల సోషల్ సెక్యూరిటీ కార్డులు, టీకాలు, పిల్లల బడి, ఉద్యోగం అన్నీ కావాల్సి ఉండేది.

పిల్లలను బడిలో చేర్చేటప్పుడు అక్కడి గుమాస్తా కాగితం చూసి ఆయనను 'ఫ్నూ' అని పిలిచింది. చాలామంది ఆఫ్ఘన్లకు ఇంటిపేరు ఉండదు. అమెరికా పత్రాల్లో రెండు గడులూ నిండాలి గనుక, ఉన్న ఒక్క పేరును ఇంటిపేరు గడిలో వేసి, రెండవదానిలో 'ఎఫ్ఎన్‌యూ', అంటే 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్' అని రాస్తారు. పుట్టిన తేదీ తెలియనివారికి జనవరి 1 వేస్తారు; ఆ భార్యాభర్తలిద్దరూ కాగితాల ప్రకారం జనవరి 1న పుట్టినవారే.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలిన పాపానికి నా మొదటి వీసా మీద, దాన్నిబట్టి ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు మీద నేనూ ఎఫ్ఎన్‌యూనే. సొరుగులో పడి ఉన్న ఆ పాత కార్డును మరుసటి శనివారం తీసుకెళ్లి చూపాను. ఆయన దానిని వెలుతురులోకి పట్టుకొని చదివి, మార్పించుకోవడానికి ఎన్నాళ్లు పట్టిందని అడిగాడు. నాలుగేళ్లు అన్నాను. అయితే పోలిక అంతటితో సరి. నేను దిగిన రోజున విమానాశ్రయానికి స్నేహితుడి తమ్ముడు వచ్చాడు, గదిలో పప్పూ అన్నం ఉన్నాయి, ఇక్కడ ఇమడలేకపోతే తిరిగి వెళ్లడానికి ఊరు ఉంది.

నేను చేసిన పెద్ద తప్పు కారు. ఆరు శనివారాలు వారిని ఆసుపత్రికీ, దుకాణాలకూ నేనే తిప్పాను. మీరు లేని సోమవారం నాడు ఆయన ఏం చేస్తాడని సంస్థలోని సమన్వయకర్త నిలదీసేదాకా, అది సాయం కాదని నాకు తోచలేదు. ఏడవ శనివారం కారును వారి ఇంటి దగ్గరే వదిలి, ఇద్దరం డార్ట్ అనే నగర రవాణా సంస్థ బస్సు ఎక్కాము. దిగవలసిన చోటు వచ్చేముందు తీగ లాగాలని నేను చెప్పాను గాని, మాటల్లో పడి నేనే మరిచిపోయాను. రెండు స్టాపులు దాటి వానలో వెనక్కి నడిచాము.

రెండు వారాల తరువాత ఆయన ఒక్కడే దంతవైద్యుడి దగ్గరకు బయలుదేరి, ఎదురు దిక్కు బస్సు ఎక్కి, చివరి స్టాపు దాకా వెళ్లి, అదే బస్సులో తిరిగి వచ్చి, గంట ఆలస్యంగా చేరాడట. ఆ సంగతి మరునాడు గాని నాకు తెలియలేదు. దారిలో ఫోను చేయలేదేమని అడిగితే, "డ్రైవరును అడిగాను కదా, భాయీ" అన్నాడు.