టిఫనీ కాదు మాస్టారూ

బర్మింగ్‌హామ్‌లో నేను చేసే పని గురించి గుంటూరులో చెబితే ముందు జాలిపడతారు. ఆర్కిటెక్చర్ చదివించి, అప్పు చేసి యూకే పంపితే పాత చర్చిల కిటికీలు తుడుస్తున్నాడని మా పెదనాన్న బ్రాడీపేటంతా చెప్పుకున్నాడు. తుడవడం కూడా ఉంటుంది, కాదనను. వందేళ్ళు దాటిన రంగుల అద్దాల కిటికీని దించి, సీసపు పట్టీలు విప్పి, పగిలిన ముక్కలు అతికి, కొత్త సీసంలో మళ్ళీ కూర్చడం మా వర్క్‌షాపు పని. మధ్యలో బోలెడు టైము ఒక ప్రశ్నకే పోతుంది: దీన్ని చేసిందెవరు?

చాలావాటి మీద సంతకం ఉండదు మరి. కెంప్ అనే ఆయన వర్క్‌షాపు వాళ్ళు ఓ మూల చిన్న గోధుమ పన గీసేవారు. 1907లో ఆయన పోయాక ఆ పన మీదికి నల్ల బురుజు చేరింది, కాబట్టి కాలం కూడా తెలిసిపోతుంది. అలాంటి గుర్తు కనిపించిన రోజు మాకు పండగ.

పోయినసారి సెలవులకు వచ్చినప్పుడు మా చర్చి సంఘ పెద్ద ఒకాయన కబురు పెట్టారు. రిటైరైన లెక్చరరు, అందరికీ మాస్టారే.

"బాబూ, మన గుడి కిటికీ టిఫనీదే అనుకుంటున్నా. నెట్‌లో చూశా, కోట్లు పలుకుతున్నాయట."

ఆయన లెక్క మరీ తప్పేం కాదు. 1842లో హేయర్ అయ్యగారు వచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడి లూథరన్ మిషన్ అమెరికాదే, రంగుల అద్దాలకు పేరుపడ్డ టిఫనీదీ అమెరికాయే. కానీ హేయర్‌ని ఆదుకున్న కలెక్టర్ స్టోక్స్ బ్రిటిష్ అధికారి. ఇంగ్లండ్ నుంచి సామాను తెప్పించగలవాళ్ళు ఈ ఊళ్ళో అప్పటికే ఉన్నారు. పైగా టిఫనీ, లా ఫార్జ్ అనే మరో అమెరికన్ కళాకారుడూ 1880 ప్రాంతంలో పేటెంట్లు తీసుకున్న గాజు పాలు కలిపినట్టు మసగ్గా ఉంటుంది. బట్టల మడతలు, మబ్బులు గాజులోంచే వస్తాయి. కుంచె పని ఎక్కువగా ముఖాలకూ చేతులకే.

నిచ్చెనెక్కి చూస్తే మన కిటికీలో మడతలన్నీ కుంచె గీతలే. ఒక ఎర్ర ముక్క అంచు పెచ్చు లేచింది. లోపల తెల్లగాజు, పైన ఎరుపు ఉల్లిపొరంత. అది పాత పద్ధతే, దాంతో కాలం తేలదు. అసలు ఆధారం ముఖాల్లో ఉంది. ముగ్గురి ముఖాలూ ఖాళీ, కళ్ళూ ముక్కూ లేవు.

"సున్నం వేసినవాళ్ళు తోమేశారయ్యా," అన్నారు మాస్టారు.

వాళ్ళ తప్పు లేదు. గాజు మీద వేసే నల్ల రంగు గాజుపొడి, లోహభస్మం కలిపినది. బట్టీలో 650 డిగ్రీల దాకా కాలిస్తే గాజుకు పట్టేస్తుంది. 1870ల ప్రాంతంలో ఇంగ్లండ్‌లో కొన్ని వర్క్‌షాపులు తక్కువ వేడికే కరగాలని అందులో బోరాక్స్ కలిపాయి. తేమ తగిలేసరికి ఆ రంగు రాలిపోయింది. సన్నగీతలు కాబట్టి ముఖాలు ముందు పోయాయి. గుంటూరు వానాకాలం ఊరుకుంటుందా!

కింద ఊడి వేలాడుతున్న సీసం ముక్కని విప్పి చూశాను. పట్టీ తీసే మిషను చక్రం మీద కొందరు పేరు, సంవత్సరం చెక్కించేవారు, ఆ అచ్చు పట్టీ లోపల పడుతుంది. ఇందులో పళ్ళ గాట్లు తప్ప అక్షరాల్లేవు.

తిరిగి వెళ్ళాక ఓ శనివారం సిటీ లైబ్రరీకి పోయాను. ప్యూజిన్ అనే ఆర్కిటెక్టు ప్రోద్బలంతో 1845లో రంగుల అద్దాలు మొదలుపెట్టిన హార్డ్‌మన్ కంపెనీ కాగితాలు అక్కడే ఉన్నాయి. గుంటూరు పేరుకి అప్పట్లో ఇంగ్లీషులో రాసిన స్పెల్లింగులన్నీ మార్చి మార్చి వెతికాను, పెట్టెలు ఓడలో దిగే రేవు కదా అని మద్రాసు కిందా వెతికాను. నేను చూసినంతలో తగలలేదు. వేరే కంపెనీదైతే ఇంకా కష్టం, కొన్నింటి రికార్డులు రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు తగలబడ్డాయి.

తగిలినా దొరికేది కంపెనీ పేరే. బొమ్మ గీసింది ఒకరు, గాజు కోసింది ఒకరు, మడతలు వేసింది మరొకరు, ముఖాలు సీనియర్లు, సీసం కూర్చింది ఇంకెవరో. ఒక్కోసారి సీసం విప్పితే గాజు అంచున సూదితో గీసుకున్న పేరు కనిపిస్తుంది. యజమాని చూడడని గీసుకున్నదే. కంపెనీ ముద్ర కంటే నాకు దాని మీదే మోజు.

మాస్టారికి ఫోన్ చేసి, 'ఇంగ్లండ్ పని, 1870ల ప్రాంతం' అన్నంతవరకే కిటికీ ఫలకం మీద రాయించమన్నాను.

"దాతల పేర్లు అరపలక ఉన్నాయి బాబూ. చేసినవాడి పేరు లేకపోతే ఏం బాగుంటుంది? పోనీ, టిఫనీ తరహా అని వేస్తే?"

"వద్దు మాస్టారూ."

"సర్లే. కిటికీకి సందుల్లేకుండా సిలికాన్ కొట్టిస్తున్నాం, మనిషి నిచ్చెన మీదే ఉన్నాడు."

తర్వాత ఆ సిలికాన్ పీకితే మిగిలిన రంగు కూడా దాంతోనే ఊడొస్తుంది. ఫలకం సంగతి తర్వాత చూద్దాం, ముందు అతన్ని కిందికి దించండి అన్నాను.