విచ్ మాష్టారు, మా నాన్న, ఒక కామా

మన బడి పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్లు దసరా ముందు నుంచీ వెంటపడుతున్నారు. "నువ్వు రాయకపోతే నీ పేజీలో టెంట్ హౌస్ ప్రకటన వేసేస్తాం" అన్నాడు ఎల్లైసీ. వెయ్యి నాయనా, ప్రకటనకైతే డబ్బులొస్తాయి, నా జ్ఞాపకాలకి ఎవడిస్తాడు అన్నాను. వినలేదు. ఆరు నుంచి పది దాకా అన్నీ రావాలి, రెండు పేజీలు దాటకూడదు, అందరి పేర్లూ (ఎల్లైసీ, పెసరట్టు, బ్యాటరీ, రేడియో, మనం పెట్టుకున్న ముద్దుపేర్లే) ఉండాలి, ఎవరినీ నొప్పించకూడదు. ఇవీ షరతులు. చివరిది కుదరదని ఇప్పుడే చెప్తున్నాను.

ఆరో తరగతిలో ఏబీసీడీలు దిద్దాం. ఏడులో కామన్ పరీక్ష. ఎనిమిది అంటే నాకు 1977 నవంబరు ఉప్పెన ఒక్కటే గుర్తు. దివిసీమకి పంపడానికి బడి హాల్లో పాతబట్టలు మూటలు కడుతుంటే పెసరట్టు వాళ్లమ్మ పట్టుచీర పట్టుకొచ్చి ఇచ్చేశాడు. మర్నాడు ఆవిడ బడికొచ్చింది. తొమ్మిదో తరగతి చదివినట్టు సర్టిఫికెట్ ఉంది కాబట్టి చదివే ఉంటాను. బల్లి సంగతి ఎవరో ఒకరు రాస్తారు, నేను రాయను. సైన్సు టీచరు గారి గొడుగు సంగతీ రాయను. ఆ గొడుగు దాచినవాడే ఇవాళ సంచికకి చందాలు వసూలు చేస్తున్నాడు.

కాబట్టి నేను రాసేది పదో తరగతి బి సెక్షన్ గురించి, అందులోనూ శుక్రవారం ఆఖరి పీరియడ్ గురించి, అందులోనూ మనకి ఇంగ్లీషు చెప్పిన విచ్ మాష్టారి గురించి.

మాష్టారికి సినిమాలంటే పడదు. హాలు ముందు నుంచి నడవాల్సి వస్తే ఆయన ఎదురుగా ఉన్న కిళ్లీకొట్టు వైపు చూస్తూ నడిచేవారు. అలాంటి మనిషికి ఆ ఏడు వినోదం మీద పాఠం వచ్చిపడింది. పాఠం వెనక రెండు వాక్యాలు కలిపి ఒకటి చేయమని అభ్యాసం. హూ, విచ్, హూజ్, వేర్. పబ్లిక్ పరీక్షలో తప్పకుండా వచ్చే బిట్టు, మార్కులు ఊరికే వస్తాయి, వదులుకుంటే వెధవల కింద లెక్క అని మొదటి రోజే తేల్చేశారు.

చిక్కు ఎక్కడంటే, మనం తెలుగులో "టికెట్లు చించిన మనిషి" అంటాం. ఆ మనిషి ఏం చేశాడో ముందు చెప్పి, మనిషిని చివర్న తెస్తాం. మధ్యలో హూ లేదు, విచ్ లేదు. ఇంగ్లీషులో మనిషిని ముందే నిలబెట్టాలి, తర్వాత హూ అనాలి, ఆ తర్వాతే అతను చేసిన పని. మనవాళ్లు మనిషిని నిలబెట్టేవారు, హూ కూడా అనేవారు, అక్కడితో ఆగకుండా ఇంకో హీ తగిలించేవారు. "ది మ్యాన్ హూ హీ టోర్ ది టికెట్స్." "ది ఫిల్మ్ విచ్ ఐ సా ఇట్." మాష్టారు డస్టర్ బల్లకేసి కొట్టి, "హూ వచ్చి కూర్చున్నాడు కదట్రా, మళ్లీ హీ ఎందుకు? ఒకే టికెట్ మీద ఇద్దరా?" అనేవారు. సినిమా చూడని మనిషి నోట టికెట్ మాట విని క్లాసంతా పడీపడీ నవ్వింది. ఆయన కూడా నవ్వారు. అప్పట్నుంచీ బి సెక్షన్‌లో ఎవరు హీ ఎక్కువ పెట్టినా వెనక బెంచీ నుంచి "టికెట్, టికెట్" అని అరుపులు.

శుక్రవారం ఆట గుర్తుందిగా? ఒకళ్లు లేచి, మాట చెప్పకుండా దాని లక్షణం మాత్రమే చెప్పాలి. ఎ పర్సన్ హూ, ఎ ప్లేస్ వేర్, ఎ థింగ్ విచ్. మిగతావాళ్లు కనుక్కోవాలి. గెలిస్తే పొడుగు చాక్‌పీసు, ఓడితే మాష్టారి చూపు. బ్యాటరీ లేచి "ఎ బాక్స్ విచ్ నెవర్ స్టాప్స్ టాకింగ్" అనగానే ఆడపిల్లల వైపు నుంచి కూడా వేళ్లన్నీ రేడియో మీదికి వెళ్లాయి. వాడు ఆ రోజు నిజంగానే నోరు మూసుకున్నాడు, చరిత్రలో రాయాల్సిన విషయం. "ఎ ఫ్యామిలీ హూజ్ మెంబర్స్ ఆర్ ఆల్ యాక్టర్స్" అన్నది ఎవరో నాకు గుర్తు లేదు కానీ, సురభి అని మనం ముక్తకంఠంతో అరవడం గుర్తుంది. 1885 నుంచి ఒకే కుటుంబంలో తరాల తరబడి నాటకాలాడుతున్న వాళ్లకి హూజ్ ఇంత బాగా కుదురుతుందని మాష్టారు మురిసిపోయారు. "పీపుల్ హూ షౌట్ వన్స్ మోర్" అంటే పద్యనాటకానికొచ్చిన జనం. పుస్తకంలో ఆడియన్స్ అని ఉంది, మాష్టారు మాత్రం మనదే బాగుందన్నారు.

అన్నిటికన్నా పెసరట్టు బుర్రకథ. వాళ్ల బాబాయి దళంలో వంత పాడేవాడు, అందుకని వాడికి లోపలి సంగతులు తెలుసు. "ఎ షో ఇన్ విచ్ వన్ మ్యాన్ టెల్స్ ది స్టోరీ, వన్ మ్యాన్ క్రాక్స్ జోక్స్, వన్ మ్యాన్ టాక్స్ పాలిటిక్స్ అండ్ ఆల్ త్రీ సే తందాన తాన." మాష్టారు కుర్చీలోంచి లేచారు. జోకుల కోసం కాదు. "ఇన్ విచ్! ఇన్ విచ్ అన్నావురా!" అని వాడి భుజం పట్టుకు ఊపేశారు. విచ్ ముందు ఇన్ పెట్టడం అప్పటికి ఇంకా చెప్పలేదట. విచ్ మాష్టారనే పేరు ఆయనకి ఆ రోజే పడింది, మీరు ఏమన్నా అనుకోండి. అంతకుముందే ఉందని వాదించే ఎ సెక్షన్ వాళ్లని నమ్మకండి.

ఇక మా నాన్న సంగతి. ఆయన సినిమా హాల్లో ఆపరేటర్. మీలో సగం మంది నాతో స్నేహం చేసింది సినిమా పాసుల కోసమని నాకు తెలుసు. పాసులిచ్చే అధికారం మేనేజరుది, ఆపరేటర్‌కి అంత సీను లేదు. ఆ సంగతి పరీక్షలయ్యేదాకా నేను బయట పెట్టలేదు, ఎన్ని జామకాయలు తిన్నానో.

ఓ శుక్రవారం నా వంతు వచ్చింది. "ఎ మ్యాన్ హూ రన్స్ ది ఫిల్మ్" అన్నాను. మేనేజరు అన్నారు, ప్రొడ్యూసర్ అన్నారు, హీరో అన్నారు. ఆపరేటర్ అన్నాను. మాష్టారు పుస్తకం చూసి ప్రొజెక్షనిస్ట్ అన్నారు. అని, ఆగి, "ఇంతకీ అతను ఏం చేస్తాడమ్మా? స్విచ్చి వేసి కూర్చుంటాడా?" అని అడిగారు. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలీదు. నాకు ఇంగ్లీషులో చెప్పడం రాలేదు, తెలుగులో చెప్పడానికి కోపం వచ్చింది. "మీరే వచ్చి చూడండి మాష్టారూ" అనేశాను.

వచ్చారు. ఆదివారం మార్నింగ్ షో టైముకి, ఉతికిన పంచె కట్టుకుని, చేతిలో నోటు పుస్తకంతో. కిళ్లీకొట్టు వాడు నోరెళ్లబెట్టాడు. నేను వెనక ఇనప మెట్ల మీంచి బూత్‌లోకి తీసుకెళ్లాను. మా నాన్న బనీను మీద ఉన్నాడు, లోపల అంత ఉక్క మరి. కంగారుగా చొక్కా వెతుక్కుంటుంటే మాష్టారు, "పర్లేదు ఆపరేటర్ గారూ, పని చూసుకోండి" అన్నారు. మా నాన్నని గారూ అని పిలవగా నేను వినడం అదే మొదటిసారి. హాల్లో జనం ఆయన్ని పిలిచే పిలుపులు మీకు తెలుసు, వాటిని సంచికలో వేయరు.

ఆ తర్వాత మా నాన్న మాట్లాడిన మాటలు మా ఇంట్లో ఏడాది మొత్తం మీద కూడా మాట్లాడి ఉండడు. రెండు మెషీన్లు ఎందుకో చెప్పాడు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది, రెండు అతికించి పెద్ద స్పూలుకి చుడితే ఇరవై నిమిషాల పైచిలుకు. ఒకటి ఆడుతుంటే రెండోది ఎక్కించి ఉంచాలి. తెర మీద కుడివైపు పై మూలన చుక్క పడుతుంది, అప్పుడు రెండో మెషీన్ మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లలో ఇంకో చుక్క, అప్పుడు బొమ్మని దాని మీదికి మార్చాలి. కింద కూర్చున్నవాడికి మార్చినట్టే తెలియకూడదు. వెలుతురు బల్బుది కాదు, రెండు కార్బన్ కడ్డీల మధ్య మంట. అవి కాలి అరిగిపోతుంటే దగ్గరికి జరుపుతూ ఉండాలి, ఏమరిస్తే తెర పసుపు పచ్చగా మారుతుంది, ఇంకా ఏమరిస్తే చీకటి. సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు. ఫిల్మ్ తెగిన చోట సిమెంటుతో, అంటే ఫిల్మ్ అతికించే జిగురుతో, జాయింట్ వేయాలి, వేసేలోపు ఈలలు.

మాష్టారు అన్నీ రాసుకున్నారు. మధ్యమధ్యలో చిన్న కిటికీలోంచి తెర వైపు చూశారు. కథ ఏమిటో ఆయనకి ఇంటర్వెల్ దాకా తెలియదు, చుక్కల కోసమే చూశారు. రెండో చుక్క పడిన ప్రతిసారీ "అదుగో" అని చిన్నపిల్లాడిలా చెయ్యి చూపించేవారు. మా నాన్న నవ్వుతూ హ్యాండిల్ వేసేవాడు.

సోమవారం బోర్డు మీద మూడు వాక్యాలున్నాయి. ది ఆపరేటర్ ఈజ్ ఎ మ్యాన్. నోబడీ సీస్ హిమ్. ఎవ్రీబడీ షౌట్స్ ఎట్ హిమ్. కలపండి అన్నారు. గోలగా ఉండే క్లాసు ఎందుకో నా వైపు చూసి ఊరుకుంది. చివరికి రేడియో లేచి, తడుముకుంటూ, "ది ఆపరేటర్ ఈజ్ ఎ మ్యాన్ హూమ్ నోబడీ సీస్ అండ్ ఎట్ హూమ్ ఎవ్రీబడీ షౌట్స్" అన్నాడు. హీ లేదు, హిమ్ లేదు, టికెట్ ఒక్కటే. మాష్టారు కొత్త డబ్బా విప్పి మొత్తం చాక్‌పీసు ఇచ్చారు. రేడియో దాన్ని నాకిచ్చాడు. వాడు అంత మంచి పని మళ్లీ చేసినట్టు నాకు తెలియదు.

కామాల పాఠం ఆ తర్వాత వారాల్లోది. బెజవాడ గాంధీనగర్‌లో సినిమా హాళ్లు బోలెడు కాబట్టి, "ది థియేటర్ విచ్ ఈజ్ నియర్ ది స్టేషన్" అంటే కామా పెట్టకూడదు, ఏ హాలో చెప్పేదే ఆ ముక్క. మారుతి టాకీస్ ఒకటే ఉంది కాబట్టి "మారుతి టాకీస్, విచ్ వాజ్ బిల్ట్ ఇన్ 1921, ఈజ్ ఇన్ బెజవాడ" అంటే రెండు పక్కలా కామా ఉండాలి. ముక్క తీసేసినా హాలు ఎక్కడికీ పోదు. ఆంధ్రదేశంలో తొలి సినిమా హాలు మన ఊరిదేనని చెప్పుకుంటారని నాకు తెలిసింది ఆ కామాల మధ్యే. కామా ఉన్నచోట విచ్ తీసి దట్ పెట్టకూడదని కూడా చెప్పారు. ఇంకోరోజు "ది ఫిల్మ్ వీ సా" అని రాసి, ఇక్కడ విచ్ లేకపోయినా తప్పు లేదు, పక్కనే వీ ఉంది కదా అనేసరికి, మరైతే ఇన్నాళ్లూ ఎందుకు రాయించారని బ్యాటరీ తిరగబడ్డాడు. దానికి మాష్టారు ఇచ్చిన జవాబు నాకు గుర్తు లేదు. గుర్తున్నవాళ్లు గ్రూపులో పెట్టండి.

మార్కుల గురించి అడగొద్దు. ఇంటర్, డిగ్రీ, పెళ్లి, పిల్లలు, అందరికీ ఉన్నవే. జనరల్ ఇన్సూరెన్స్‌లో అసిస్టెంటుగా చేరాను, డిప్యూటీ మేనేజరుగా దిగాను. ఆటోనగర్ లారీలన్నీ నా టేబుల్ మీదుగానే ప్రమాదాలకి గురయ్యాయని మా ఆఫీసులో జోకు. ఓసారి ఒక లారీ ప్రమాదం ఫైలు పై ఆఫీసులో ఆగిపోయింది. సర్వేయరు రిపోర్టులో "ది లేబరర్స్ హూ వర్ ఇన్ ది క్యాబిన్ వర్ ఇంజూర్డ్" అని ఉంది. క్యాబిన్‌లో ఉన్నవాళ్లు వీళ్లయితే, లేనివాళ్లు ఎవరు, ఎక్కడున్నారు, లోడు మీదా అని వాళ్ల ప్రశ్న. క్యాబిన్‌లో కూర్చున్న కూలీలకి ఒక లెక్క, లోడు మీద కూర్చున్నవాళ్లకి ఇంకో లెక్క. అసలు కూలీలు ముగ్గురే, ముగ్గురూ క్యాబిన్‌లోనే. సర్వేయరుకి ఫోన్ చేసి, హూ ముందొకటి క్యాబిన్ తర్వాతొకటి కామా పెట్టి సవరించిన రిపోర్టు పంపమన్నాను. ఆయన ఊపిరాడక నవ్వాడు గానీ పంపాడు. ఫైలు కదిలింది. మా మేనేజరు, తెలుగు మీడియం అని అప్పటిదాకా నన్ను కాస్త కింద చూపే చూసేవాడు, ఆ తర్వాత ఢిల్లీకి వెళ్లే ఉత్తరాలు నా చేత దిద్దించకుండా పంపలేదు. అది పెద్ద విషయమని నేను అనడం లేదు. కానీ కాన్వెంటు వాళ్ల డ్రాఫ్టులు బి సెక్షన్ అమ్మాయి దిద్దింది, రాసుకోండి.

మా నాన్న డిజిటల్ రాకముందే మానేశాడు. ఇప్పుడు పటమటలో మా ఇంట్లోనే ఉంటాడు, టీవీలో పాత సినిమా వస్తే కుడి పై మూలకేసి చూస్తాడు. మాష్టారు ఎప్పుడు కనిపించినా "చుక్కలు ఎలా ఉన్నాయమ్మా" అనే అడిగేవారు, నా ఉద్యోగం గురించి ఎప్పుడూ అడగలేదు.

ఇక కమిటీకి. సభ రోజు ఫొటోలో ఎత్తు ప్రకారం నిలబెట్టకండి, అప్పట్లోనే నాకు ఇష్టం లేదు. భోజనాల్లో పెసరట్టు పెట్టిస్తే పెసరట్టు గాడి పక్కన నేను కూర్చుంటాను. నా పేరు పక్కన రిటైర్డ్ అని వేయొద్దు, ఇంకా మూడు ఆఫీసులకి సలహాలు చెప్తున్నాను. ప్రూఫులు దిద్దేది ఎల్లైసీ అని విన్నాను. ఒరే, అక్షరం తప్పులుంటే దిద్దుకో, కామాల జోలికి మాత్రం రాకు.