తాతయ్య చెప్పిన మన్యం

మేముండే కెనడాలోని వాంకూవర్‌లో, సెప్టెంబర్ 30 సెలవుకి ముందు మా అమ్మాయి బడికి ఆరెంజ్ చొక్కా వేసుకెళ్తుంది. ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళ నుంచి పట్టుకుపోయి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే దండించిన బడుల్ని తలుచుకునే రోజు సెప్టెంబర్ 30. లక్షన్నర మందికి పైగా పిల్లలు వాటిలో పెరిగారు. ఇక్కడి పసిఫిక్ తీరం జాతులకు పొట్లాచ్ అని ఒక వేడుక ఉంది. పెద్దలు అందర్నీ పిలిచి తమకున్నది పంచిపెడతారు. దాన్నీ 1885 నుంచి 1951 దాకా నేరం చేశారు.

"అమ్మా, వైజాగ్‌లో కూడా ఇలా చేశారా?" అనడిగింది. నా దగ్గర జవాబు లేదు. అక్కడే పుట్టి పెరిగినా నాకు మన్యమంటే అరకు పిక్నిక్కులూ, బొర్రా గుహలూ. అంతే.

జనవరిలో ఊరెళ్ళినప్పుడు మా నాన్నగారిని అడగమన్నాను. ఆయన చింతపల్లి వైపు పదకొండేళ్ళు పంతులుగా చేశారు. సీతమ్మధారలో డాబా మీద మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ముందు అడవి పోయింది అమ్మలూ. 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చారు. కొండవాలు నరికి, కాల్చి, చోళ్ళూ సామలూ చల్లుకునే పోడు మీద ఆంక్షలు పెట్టారు. ఆపైన ముఠాదార్లని పట్టుకున్నారు. ముఠా అంటే కొన్ని ఊళ్ళ గుంపు, ముఠాదారు దానికి పెద్ద. శిస్తు కట్టు, పోలీసులకి సాయం చెయ్యి, లేదంటే ముఠా పోతుందన్నారు. తగువు తీర్చాల్సిన మనిషే శిస్తుకొస్తే జనం ఇంకెవరికి చెప్పుకుంటారు?"

అందరూ లొంగలేదు. గాం గంటందొర, మల్లుదొర అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారు. ఆ కథ నాన్నగారు లేచి నిలబడి చెప్పారు.

తర్వాత గొంతు తగ్గించారు. "అప్పులిచ్చి వాళ్ళ భూములు రాయించుకున్నది మాత్రం తెల్లదొరలు కాదు, కిందినుంచి వెళ్ళిన మనవాళ్ళే. దాన్ని ఆపడానికి 1917లో చట్టం చెయ్యాల్సొచ్చింది."

మా అమ్మాయికి తెలుగు సగమే వచ్చు. "మన భాషా అలాగే పోతోంది కదా" అంటారు ఇక్కడి స్నేహితులు. నేనొప్పుకోను. మేం ఉద్యోగం కోసం విమానమెక్కి వచ్చాం. మా పిల్లని ఎవరూ లాక్కుపోలేదు. రెండింటినీ ఒక గాటన కట్టడం ఆదివాసీలకి అన్యాయం.

ఆ రోజు డాబా మీద చివర్లో మా అమ్మాయే అడిగింది. "తాతయ్యా, వాళ్ళ భాషలో నీకేం వచ్చు?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "కోదు తెగ పిల్లలు తమలో తాము కువి మాట్లాడుకునేవారమ్మా. బళ్ళో తెలుగే మాట్లాడాలని నేనే గదమాయించేవాణ్ణి."