మేడ మీద జాజ్, మధ్యలో ఖండచాపు

ఆదివారం సాయంత్రం అనంతపురంలో మా మేడ మీద మళ్లీ చేరాం, నలుగురం. ఉగ్గాని, బజ్జీ, ఒక పాత స్పీకరు. ఒక్కొక్కరు ఒక్కో ఆల్బమ్ తేవాలి, ఎందుకు నచ్చిందో చెప్పాలి, మిగతావాళ్లు అడ్డంగా వాదించాలి, అంతే రూలు.

నేను జాజ్ పియానో వాయించిన డేవ్ బ్రూబెక్ 'టైమ్ అవుట్' పెట్టాను, 1959 నాటిది. అందులో 'టేక్ ఫైవ్' మొదలవగానే మా మృదంగం అన్న బజ్జీ పక్కన పెట్టేసి తొడ మీద తాళం వేయసాగాడు. "ఇది ఖండచాపే కదప్పా!" అన్నాడు. ఐదు దెబ్బలే, కానీ మన ఖండచాపు తక తకిట, అంటే రెండు, మూడు. ఇక్కడ ముందు మూడు, తర్వాత రెండు. తకిట తక అని వేసి చూడండి, పియానో సరిగ్గా దాని మీదే కూర్చుంటుంది. ఆ పాట కట్టింది బ్రూబెక్ అనుకుంటారు చాలామంది, కాదు, శాక్సఫోన్ వాయించిన పాల్ డెస్మండ్.

తర్వాత ట్రంపెట్ వాయించిన మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. అదీ 1959దే, మార్చి 2న, ఏప్రిల్ 22న రికార్డు చేశారు. మొదటి రోజు రికార్డు చేసేటప్పుడు టేపు మిషను కొంచెం నెమ్మదిగా తిరిగింది, దాన్ని మామూలు వేగంతో వాయించేసరికి పాత ఎల్పీ రికార్డుల్లో మొదటి వైపు శ్రుతి కాస్త పెరిగి వినిపిస్తుంది, 1990ల్లో గానీ సరిచేయలేదు. మాలో ఒకాయనకి ఆ పెరిగిన శ్రుతే ఇష్టం, ఏం చేస్తాం!

శాక్సఫోన్ వాయించిన జాన్ కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్' దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది. ఫోన్‌లో విందామంటే ఎవరూ ఒప్పుకోలేదు. చీకట్లోనే మిగిలిన బజ్జీలు తినేశాం.