నేను సంపాదించని 4,200 డాలర్లు

మొన్న మెయిల్‌బాక్సులో యాడ్ కాగితాల మధ్య ఒక పల్చటి కవరు కనిపించింది, చించి చూస్తే 1099-ఎన్ఈసీ ఫారం (ఉద్యోగి కానివాళ్లకి పని చేసినందుకు ఎంత ఇచ్చారో చెప్పే అమెరికా పన్ను కాగితం), ఎప్పుడూ పేరు కూడా వినని కంపెనీ ఒకటి నాకు 4,200 డాలర్లు ఇచ్చిందట! పేరు నాదే, అడ్రస్ నాదే, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి 4 అంకెలూ నావే. డబ్బు మాత్రం నా అకౌంటు మొహం చూడలేదు.

నిజం చెప్పాలంటే, మనది కాదులే అని చెత్తబుట్టలో పడేద్దామనుకున్నా. కానీ దాని కాపీ ఒకటి అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కీ వెళ్తుంది, మన పన్ను రిటర్నులో ఆ అంకె కనపడకపోతే కొన్నాళ్లకి సీపీ2000 నోటీసు పంపి ఇదేంటని అడుగుతారు. అందుకే ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లన్నీ ముందేసుకుని ఒక్కో వరసా వేలు పెట్టి చూశా. లేదు. ఫారం మీదున్న ఫోన్ నంబరు నమ్మబుద్ధి కాక, కంపెనీ నంబరు విడిగా వెతికి ఫోన్ చేసి, సరిచేసిన ఫారం పంపమని అడిగి, అదే మాట రాసి ఈమెయిలూ పెట్టా. "చూస్తామండీ" అన్నారు, ఎంత తీరిగ్గానో! ఈలోగా, నా వివరాలు ఎవరైనా వాడుతున్నారేమోనని, నా పేరు మీద కొత్త అప్పులు పుట్టకుండా క్రెడిట్ ఫ్రీజ్ చేసి, ఐఆర్ఎస్ దగ్గర 6 అంకెల ఐపీ పిన్ తీసుకున్నా, అది లేకుండా నా సోషల్ సెక్యూరిటీ నంబరుతో ఇంకెవరూ రిటర్ను ఈ-ఫైల్ చేయలేరు. సరిచేసిన ఫారం రాకపోతే ఐఆర్ఎస్‌కే ఫోన్ చేయాలి, ఆ హోల్డ్ మ్యూజిక్ తలుచుకుంటేనే టెన్షన్.